పత్తికట్టెలో దాగిన ఎండ

మాఘము వెళ్ళి ఫాల్గునము ప్రవేశించు దినములలో చిలకలూరిపేట నుండి నరసరావుపేటకు పోవు బాట వెంబడి సాయంకాలమున ప్రయాణము చేయువారికి, ఇరుప్రక్కల నల్లరేగడి చేలలో అక్కడక్కడ ఎఱ్ఱని మంటలును, వానిపై నిలువుగా లేచి కొంత యెత్తు పోయిన పిదప గాలికి వంగి పొలిమేరల మీద పఱచుకొను పొగయు కనబడుచుండును. అవి పత్తికట్టె మంటలు. కడపటి తీత ముగిసి, చేనిలో గొఱ్ఱెలు, మేకలు దిగి మిగిలిన ఆకును మేసిపోయిన పిమ్మట, రైతు ఆ మోళ్ళను పీకించి, గుట్టలు వేయించి, నిప్పు పెట్టును. కొన్ని దినములకు వేసవి దుక్కి పడును. ఆ దుక్కిలో బూడిద మచ్చలు సైతము మట్టిలో కలిసిపోవును.

అట్టి యొక చేని గట్టున నేనొకనాడు చాలసేపు నిలిచియుంటిని. నలుగురు కూలీలు వరుస పట్టి, కట్టె మొదలును ఇనుప పట్టుకారు వంటి పనిముట్టుతో బిగించి, నడుము వంచి పైకి లాగుచుండిరి. ఊడివచ్చిన ప్రతి మోడునకు వేళ్ళ కుదుట పిడికెడు రేగడి గడ్డ అంటియుండెను. దానిని మోకాలికి కొట్టి దులిపి, ప్రక్కన పడవేయుచుండిరి. ఒక కట్టెను నేను చేతికి తీసికొంటిని. బొటనవ్రేలి లావున, రొమ్మెత్తు పొడవున, గోధుమవన్నె బెరడుతో నుండిన ఆ కట్టె విఱిచినప్పుడు ఫెళ్ళుమని చప్పుడు చేసి విఱిగినది గాని, బెరడు మాత్రము నారవలె సాగి రెండు ముక్కలను విడువక పట్టుకొనియే యున్నది. లోపల తెల్లని దూటు. పైన విచ్చని యొకటి రెండు గుడ్డికాయలు. రైతు ఇంటి ఇల్లాలు నీళ్ళపొయ్యి కొఱకని ఆఱు మోపులు వేఱుగా కట్టించి బండి కెత్తించినది. తక్కిన దంతయు గుట్టలలోనికి పోయినది.

"ఇంత కట్టెను ఊరకే కాల్చివేయుట ఎందుకు? అమ్ముకొనరాదా?" అని రైతును నే నడిగితిని.

"ఎవరు కొంటారండీ? కూలీ, ట్రాక్టరు కిరాయి కలిపితే కట్టె ఖరీదు ఏ మూలకొస్తది? అగ్గిపెట్టె అయితే రెండు రూపాయలండీ" అని ఆయన పలికెను.

ఆ రెండు రూపాయల లెక్క నన్ను విడువలేదు. ఎందువలన ననగా, ఆ సమయమున నేను చదువుచుండినవి లక్షల కోట్ల లెక్కలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024 అక్టోబరులో ప్రకటించిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానము సౌరవిద్యుత్తు 78.5 గిగావాట్లు, పవనవిద్యుత్తు 35 గిగావాట్లు, నీటిని ఎత్తి నిలువచేయు కేంద్రములు 22 గిగావాట్లు, ఏటా 15 లక్షల టన్నుల హరిత ఉదజని, దినమునకు 10,000 టన్నుల జీవవాయువు అని లక్ష్యములు పెట్టుకొని, అందులకు పది లక్షల కోట్ల రూపాయల పెట్టుబడి రాగలదనియు, ఏడున్నర లక్షల ఉద్యోగములు కలుగగలవనియు ఆశించినది. ఇంత పెద్ద ఆశ కలిగియుండుట తప్పని నేను తలపను. రాష్ట్రమునకు తొమ్మిది వందల కిలోమీటర్లకు మించిన తీరము, సంవత్సరములో అధికభాగము విడువని ఎండ, కృష్ణవంటి నది, కోట్ల టన్నుల పంటవ్యర్థములు ఉన్నవి. అయితే ఈ విధానము గుంటూరు, ప్రకాశము మైదానములలోనికి దిగి వచ్చినప్పుడు, దానికి ఎదురుపడు మొదటి పోటీదారు బొగ్గు గాదు. ఆ రైతు మొలలోని అగ్గిపెట్టెయే.

ఆ గుట్టలో ఎంత శక్తి కాలిపోవుచున్నదో మొదట చూతము. వర్షాధారపు చేనిలో ఎకరమునకు ఎండిన కట్టె సుమారు ఒక టన్ను వచ్చును. నీరు పెట్టిన చేనిలో అంతకన్న కొంత అధికము. బాగుగా ఎండిన పత్తికట్టె కిలో ఒక్కటి మండినచో నాలుగు వేల కిలోకాలరీలకు కొంచె మిటునటుగా వేడి నిచ్చును. మన విద్యుత్కేంద్రములకు వచ్చు దేశవాళీ బొగ్గు ఇచ్చునదియు ఇంచుమించుగా అంతియే. పైగా ఆ బొగ్గులో మూడవవంతు వఱకు బూడిద యగును. పత్తికట్టెలో బూడిద నూటికి నాలుగైదు పాళ్ళకు మించదు. చిన్న విద్యుత్కేంద్రములో ఒక యూనిట్టు కరెంటు పుట్టించుటకు కిలోపావు కట్టె పట్టునని లెక్క వేసికొన్నను, ఎకరము కట్టెలో ఎనిమిది వందల యూనిట్లు ఉన్నవి. నెలకు నూఱు యూనిట్లు వాడు ఇంటికి ఎనిమిది నెలల వెలుగు అది. నేను చూచుచుండగా ఆ సాయంకాలము అఱగంటలో అది పొగయై పోయినది.

కట్టెలోనికి ఈ శక్తి యెట్లు వచ్చినదో బడిపిల్లలకును తెలిసిన విషయమే యైనను, ఒకమాఱు తలచుకొనుట మంచిది. పత్తాకు గాలి నుండి బొగ్గుపులుసు వాయువును, వేరు మట్టి నుండి నీటిని తెచ్చుకొని, సూర్యకాంతి బలముచేత ఆ రెంటిని విడగొట్టి మరల కూర్చి చక్కెరగా మార్చును. ఆ చక్కెర అణువులే గొలుసులుగా పెనవేసికొని, కాయలో దూదియై తెల్లబాఱును, కాండములో పీచును, లిగ్నిన్ అను జిగురును కలిసిన కట్టెయై గట్టిపడును. కనుక మంట యనగా, జూలై నుండి జనవరి వఱకు ఆ ఆకు పట్టి దాచిన ఎండ ఒక్కసారిగా విడుదల యగుటయే. అప్పుడు వెలువడు బొగ్గుపులుసు వాయువును ఆ సంవత్సరమే మొక్క గాలి నుండి తీసికొన్నది. మరుసటి పంట దానిని మరల తీసికొనును. బొగ్గు సంగతి అట్లు గాదు. గోదావరి లోయలో కోట్ల సంవత్సరముల క్రిందట పూడిపోయిన అడవి తీసికొన్న వాయువును మన తరము ఒక్క వంద యేండ్లలో గాలిలోనికి వదలుచున్నది. దానిని తిరిగి తీసికొనుటకు ఆ అడవి లేదు. కట్టె బొగ్గునకు ప్రత్యామ్నాయము కాగలదని శాస్త్రజ్ఞులు చెప్పుటకు మూలము ఇదియే.

కాని ఈ మాట బాయిలరులో మండిన కట్టెకు వర్తించినట్లు గట్టున మండిన కట్టెకు వర్తింపదు. గుట్టలో గాలి సరిగా ఆడదు. సగము కాలి సగము కాలని ఆవిరులు, మసి, విషవాయువైన కార్బన్ మోనాక్సైడు అందుండి వెలువడును. మిరపకట్టె గుట్ట కాల్చునప్పుడు గాలివాలున నిలిచిన వానికి ఈ సంగతి వేఱుగా చెప్పవలసిన పని లేదు. కొమ్మలకు అంటియున్న తాలుకాయల ఘాటు కలిసిన ఆ పొగ గొంతు పట్టి, కన్నులను కాసేపు తెఱవనీయదు. బాలింతలు, ముసలివారు ఉన్న ఇండ్ల తలుపులు ఆ పూట మూతపడును. మట్టికి జరుగు నష్టము కంటికి కనబడునది గాదు: గుట్ట క్రింద నున్న పై పొరలోని సూక్ష్మజీవులు మాడిపోవును, కట్టెలోని నత్రజని గాలిలో కలియును.

మఱియొక విషయమున్నది, దీనిని నేను ఇంధనపు లెక్క కన్న తక్కువైనదిగా భావింపను. గులాబిరంగు పురుగు కొన్ని యేండ్లుగా పత్తి రైతును ఎంత వేధించుచున్నదో ఈ జిల్లాలలో తెలియనివారు లేరు. ఆ పురుగు పంట అయిపోయిన తరువాత, మోళ్ళ మీద మిగిలిన గుడ్డికాయలలోను, రాలిన గింజలలోను నిద్రాణముగా నుండి, తొలకరి పడగనే రెక్కపురుగై లేచి క్రొత్త చేని మీద వాలును. అందుచేతనే వ్యవసాయ శాస్త్రజ్ఞులు పంటను జనవరితో ముగించి, కట్టెను తడవు చేయక చేనిలో నుండి తొలగింపవలయునని ఏటేట చెప్పుచుందురు. నీటి వసతి గల రైతు మరొక తీత కాశపడి మార్చి దాక చేనును ఉంచును. పురుగు అతని ఆశతోబాటు బ్రతుకును. కట్టెకు ఫిబ్రవరిలో వెల పలుకునట్లు చేసినచో, ఆ చేను వేళకు ఖాళీ యగును. ఇంధన శాఖవారు కొన్న కట్టె వ్యవసాయ శాఖవారి పురుగును తగ్గించును. ఇట్టి లాభము మెగావాట్ల పట్టికలో ఏ గడిలోను కనబడదు.

ఇంతటి సరకునకు కొనువాడు లేకపోవుట ఎట్లు సంభవించినది?

దీనికి సమాధానము బరువునకును, చోటునకును గల సంబంధములో నున్నది. బొగ్గు రాయివలె ఒత్తుకొని యుండును. ఒక రైలుపెట్టెలో యాభై అఱువది టన్నులు పట్టును. పత్తికట్టె అన్ని వైపులకు కొమ్మలు చాచుకొని యుండుటచేత ట్రాలీ నిండి, పైకి ఇంటి కప్పు ఎత్తు పేర్చినను బరువు టన్ను పైచిలుకు మాత్రమే. ట్రాక్టరు మోయునది అధికభాగము గాలియే. డీజిలు మాత్రము నిండు బరువునకు కాలినట్లే కాలును. పది పదిహేను కిలోమీటర్లు దాటినచో ఆ కట్టె విలువను బాటయే తినివేయును. ఈ చిక్కునకు విఱుగుడు చేని యొద్దనే ఉన్నది: కట్టెను అక్కడనే ముక్కలు చేసి, ఎండించి, మిక్కిలి ఒత్తిడితో అచ్చులలో కూరి ఇటుకలుగానో గుళికలుగానో చేయుట. ఒత్తిడిచే పుట్టిన వేడికి కట్టెలోని లిగ్నిన్ మెత్తబడి, చల్లారునప్పుడు తానే బంకయై ముక్కలను పట్టి ఉంచును. వేఱు జిగురు పని లేదు. పత్తి పీచును పరిశోధించుటకే బొంబాయిలో నెలకొల్పబడిన కేంద్ర సంస్థ ఈ కట్టెతో ఇటుకలు, గుళికలు, బల్లచెక్కలు చేయు పద్ధతులను ఏనాడో రూపొందించినది.

మన ప్రాంతమునకు ఈ విషయము క్రొత్తదియు గాదు. సంప్రదాయేతర ఇంధనముల అభివృద్ధికై 1986లో ఏర్పడిన రాష్ట్ర సంస్థ ప్రోత్సాహముతో, 1990ల తుది నుండి జీవద్రవ్య విద్యుత్కేంద్రములు ఆంధ్రదేశమున పలుచోట్ల వెలసినవి. గుంటూరు చెంత దోకిపఱ్ఱులోని జోసిల్ కర్మాగారమువారు తమ అవసరములకై 6 మెగావాట్ల కేంద్రమును జీవద్రవ్యముతో నడపిరి. ఊక, వేరుసెనగ పొట్టు, పత్తికట్టె, మిరపకట్టె, చిల్లకంప, సరుగుడు కొమ్మలు, జామాయిలు వేళ్ళు—ఏది దొరకిన అది ఆ పొయ్యిలలో మండినది. కాని చాల కేంద్రములు నిలువలేదు. ఒకే పరిధిలో రెండు మూడు కేంద్రములు వెలసినచోట కట్టెకు పోటీ పెరిగి వెల హెచ్చినది. ఇటుకబట్టీలవారును ఆ పొట్టునకే వచ్చిరి. కరెంటునకు నియంత్రణ మండలి నిర్ణయించిన ధర మాత్రము ఆ వేగమున పెరుగలేదు. దానికి తోడు పొయ్యిలో మఱియొక యిబ్బంది: మిరపకట్టె వంటి వానిలో పొటాషు అధికము. పొటాషు మట్టిలో రైతునకు బంగారమే యైనను, బాయిలరు వేడికి ఇసుకతో కలిసి కరగి, గాజువలె పేరుకొని గొట్టములకు పట్టుకొనును. బాయిలరును ఆపివేసి గోకింపక తప్పదు. ఇట్లు కట్టె వెల పైనుండియు, గాజు పెంకు లోపలి నుండియు బిగింపగా, ఒక్కొక్క కేంద్రమే చల్లారినది. రైతు మరల అగ్గిపెట్టె తీసెను.

ఈ అనుభవము నుండి నేర్చుకొనవలసిన దొక్కటి గలదు. కట్టె కొఱకే క్రొత్త కేంద్రము కట్టుట కన్న, ఉన్న కేంద్రములోనికి కట్టెను పంపుట తేలిక. బొగ్గు కేంద్రములు నూటికి ఐదు పాళ్ళు జీవద్రవ్యపు గుళికలను కలిపి మండింపవలయునని కేంద్ర విద్యుచ్ఛాఖ 2021 అక్టోబరులో విధానము చేసినది. కృష్ణకు ఆవలి యొడ్డున ఇబ్రహీంపట్నములో నార్ల తాతారావుగారి పేర వెలసిన 2,560 మెగావాట్ల కేంద్రము నిండుగా నడచినచో ఏటా కోటి టన్నులకు పైగా బొగ్గు మండింపవలసియుండును. కోటి టన్నులలో ఐదు పాళ్ళనగానే ఐదు లక్షల టన్నులు. ఐదు లక్షల ఎకరముల పత్తికట్టె. వారధి దాటినంతనే ఇంత గిరాకి కూర్చుండియున్నది. ఇక్కడ గుట్టలు మండుచున్నవి. నడుమ కావలసినది ముక్కలు చేయు యంత్రము, ఎండించు కళ్ళము, కాటా, నెలలోపల డబ్బు చెల్లింపు. వీనిలో ఏ ఒక్కటియు విజ్ఞానశాస్త్రమునకు అందని వస్తువు గాదు.

ఇక సౌరవిద్యుత్తు మాట. ఇక్కడ నిష్పక్షపాతముగా ఒక లెక్క చెప్పక తప్పదు. ఎకరము పత్తికట్టెలో ఏడాదికి ఎనిమిది వందల యూనిట్లున్నవంటిమి గదా. అదే ఎకరములో సౌరఫలకములు పఱచినచో ఏడాదికి మూడు లక్షల యూనిట్లకు పైగా వచ్చును. ఆకు సూర్యకాంతిలో నూటికి ఒక పాలైనను పట్టజాలదు. ఫలకము ఇరువది పాళ్ళు పట్టును. చోటు లెక్కలో ఫలకముతో కట్టెకు పోలికయే లేదు. అయితే కట్టె అనునది పత్తి ఇచ్చిన తరువాత మిగిలినది. ఫలకము నిలిచిన నేల మఱియేమియు ఈయదు. మెగావాటునకు నాలుగెకరములు చొప్పున చూచినను 78.5 గిగావాట్లకు మూడు లక్షల ఎకరములు దాటును. ఆ నేల ఎక్కడిది, ఎవరిది అను ప్రశ్న స్వచ్ఛ ఇంధనమునకు సంబంధించిన ప్రశ్నలలో అన్నిటికన్న ముఖ్యమైనదని నా నమ్మకము.

ఉలవపాడు మామిడి పేరు వినని ఆంధ్రుడుండడు. ఒకప్పుడు ప్రకాశము జిల్లాలోనిదై 2022లో నెల్లూరు జిల్లాలో చేరిన ఆ మండలములోనే, సముద్రమునకు చేరువగా కరేడు అను గ్రామ మున్నది. తీరపు ఇసుకనేల, చేతికందు లోతున తియ్యని నీరు, ఏడాది పొడవున పచ్చగా నుండు తోటలు, పైరులు. రామాయపట్నము ఓడరేవు సమీపమున సౌరఫలకములు తయారుచేయు కర్మాగారమునకై అక్కడ ఎనిమిది వేల ఎకరములకు పైగా సేకరింపవలయునని తలపెట్టగా, 2025 జూను నెలాఖరున ఆ గ్రామస్థులు జాతీయ రహదారి మీదికి వచ్చి బైఠాయించిరి. ఫలకములు మన దేశముననే తయారు కావలయుననుట న్యాయమైన కోరిక. ఓడరేవు దగ్గఱ కర్మాగారమునకు రవాణా సులభ మనుటయు నిజమే. కాని ఇసుకలో నీరు నిలువ యుండుట ప్రకృతి వేల యేండ్లలో చేసి పెట్టిన యేర్పాటు. సముద్రపు ఉప్పునీటిని అడ్డుకొని, వాననీటి తేటను పైన తేలించుచున్న ఆ ఇసుక పొరకు బదులు మఱియొకచోట కొలిచి ఇచ్చుట సాధ్యము గాదు. పరిహారపు పట్టికలో ఎకరము ఎకరమే. ఉలవపాటి ఎకరమును పడమటి కంపచేని ఎకరముతో సమానముగా లెక్కించు గణితము నా బుద్ధికి ఒప్పలేదు.

పడమటి కంపచేని సంగతి వేఱు. కనిగిరి సీమ కఱవు ఎఱిగిన నేల. 2025 ఏప్రిల్ 2వ తేదీన పెద్దచెర్లోపల్లి మండలము దివాకరపల్లి యొద్ద, రిలయన్స్ సంస్థవారి జీవవాయు కర్మాగారమునకు మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేసెను. రాష్ట్రమున 65,000 కోట్ల రూపాయలతో ఐదు వందల కర్మాగారములు నెలకొల్పుటకు 2024లో కుదిరిన ఒప్పందములో ఇది మొదటిది. బీడునేలలో నేపియరు గడ్డి పెంచి, దానిని పులియబెట్టి వాయువు తీయుట దీని పద్ధతి. గాలి చొరని పెద్ద తొట్టిలో గడ్డి రొట్టను, నీటిని కలిపి ఉంచినప్పుడు, ఒక తెగ సూక్ష్మజీవులు పిండిపదార్థములను చక్కెరలుగాను, మఱియొక తెగ ఆ చక్కెరలను ఆమ్లములుగాను, కడపటి తెగ ఆ ఆమ్లములను మీథేను వాయువుగాను మార్చును. పశువు కడుపులో నెమరువేతతో జరుగు పనియే ఇది. వెలువడు వాయువులో మీథేను నూటికి యాభై ఐదు అఱువది పాళ్ళుండును. తక్కినది బొగ్గుపులుసు వాయువు. దానిని తొలగించి, మీథేను తొంబది పాళ్ళు దాటునట్లు శుద్ధిచేసి, ఒత్తి సిలిండరులలో నింపినచో లారీలు, బస్సులు నడచును. మిగిలిన పెంట మంచి ఎరువు.

పత్తికట్టెను ఈ తొట్టిలోనే వేయరాదా యని పాఠకులకు తోచవచ్చును. వేసిన లాభము లేదు. కట్టెకు గట్టిదన మిచ్చిన లిగ్నిన్‌ను గాలి లేనిచోట ఆ జీవులు అరిగించుకొనజాలవు. ఆవు పత్తిమోడును నమలక గడ్డినే కోరుటకు కారణ మిదియే. కట్టె నిప్పునకు, గడ్డి సూక్ష్మజీవికి. అయితే గడ్డికి కావలసినది నీరు. సజ్జను, ఏనుగుగడ్డిని కలిపి పుట్టించిన ఈ సంకర జాతి రెండున్నర నెలలకు తొలి కోతకు వచ్చి, తరువాత నెలన్నర కొకమాఱు కోత నిచ్చునని చెప్పుదురు. నిజమే, తడి అందినంత కాలము. కనిగిరి, పామూరు ప్రాంతముల బోర్లు ఎంత లోతు పోయినవో అక్కడి వారి నడిగిన తెలియును. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు నీటికై ఆ సీమ ఏండ్లుగా ఎదురుచూచుచున్నది. నల్లమలను తొలిచిన రెండు సొరంగములు ఒక్కొక్కటి పదునెనిమిది కిలోమీటర్లకు మించిన పొడవు గలవి. ఆ నీరు వచ్చిన నాడు మొదటి తడి ఎవరి చేనికి, కందికా, పశువుల మేతకా, వాయువు గడ్డికా అన్నది ఇప్పుడే వ్రాతలో తేల్చియుంచుట మేలు. అంతదాక ఆ తొట్లకు గడ్డితోబాటు పేడ, కూరగాయల తుక్కు, కుళ్ళిన పండ్లు, వరిగడ్డి చేర్చినచో నీటి మీది భారము కొంత తగ్గును.

ఎండ పగటిపూట వచ్చును, దీపము రాత్రి వెలుగవలయును. ఈ చిక్కునకు గుంటూరు సీమ పొలిమేరనే నలువది యేండ్ల నాటి సమాధాన మున్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడిన నాగార్జునసాగరమున, ఆనకట్ట పాదమున నున్న విద్యుత్కేంద్రములో ఎనిమిది యంత్రములున్నవి. వానిలో ఏడు విశేషమైనవి. నీరు దిగునప్పుడు అవి కరెంటు పుట్టించును; మిగులు కరెంటు ఉన్న వేళ అవియే వెనుకకు తిరిగి, దిగిన నీటిని మరల జలాశయములోనికి ఎత్తును. ఒక్కొక్కటి నూఱు మెగావాట్లకు కొంచెము పైబడినది. ఎత్తుటకు దిగువన నీరు నిలిచియుండవలయును గదా. అందులకై పల్నాడులో సత్రశాల యొద్ద దిగువ జలాశయము కట్టబడినది. ఘనపు మీటరు నీరు నూఱు మీటర్లు దిగినచో యూనిట్టులో నాలుగవ వంతుకు కొంచె మధికముగా కరెంటు శక్తి దానిలో నుండును. ఎత్తుటలో, దింపుటలో నాలుగవ వంతు వఱకు పోయినను, తక్కినది చేతికి వచ్చును. బొగ్గు కాలములో రాత్రి మిగిలిన కరెంటుతో నీరెత్తుటకు తలపెట్టిన ఆ యంత్రములకు, సౌరఫలకములు వచ్చిన తరువాత పని మాఱి, పగటి ఎండతో నీరెత్తి సందెవేళకు దింపు కాలము వచ్చినది. తలపెట్టినవారు ఎఱుగని ప్రయోజనమునకు ఒక కట్టడము ఇట్లు అక్కఱకు వచ్చుట నాకు మిక్కిలి సంతోషము కలిగించు విషయము. నేటి 22 గిగావాట్ల ఆశకు తాత అక్కడ నున్నాడు.

శక్తిని పుట్టించు మాట ఇంతసేపు చెప్పితిమి. మన మైదానము దానిని ఖర్చుచేయు చోటు లెవ్వి? మార్చి నెలలో ప్రత్తిపాడు, పెదకూరపాడు వైపు మిరప కళ్ళములను చూచినవారికి భూమి మీద ఎఱ్ఱదుప్పటి పఱచినట్లుండును. కోసిన పండుకాయలో నూటికి డెబ్బది అయిదు పాళ్ళకు తక్కువ గాకుండ నీరుండును. దానిని పదికి దింపిన గాని కాయ నిలువ యుండదు. క్వింటాలు పండుకాయ నుండి ఇంచుమించు డెబ్బది కిలోల నీటిని ఆవిరి చేయవలయునన్నమాట. ఆ పని పొయ్యి మీద చేసినచో, వేడి యొక్క నలుసైనను వృథా కాకున్నను పది కిలోల బొగ్గు కావలయును. సూర్యుడు దానిని కూలి అడుగక చేయుచున్నాడు. ఏ విధానపు పట్టికలోను లెక్కకురాని సౌరశక్తి ఇది. గుంటూరు మిర్చియార్డుకు చేరు ప్రతి మిరపబస్తాలోను, అనగా టిక్కీలోను, అది కలదు.

కాని ఆరుబయటి ఎండబెట్టులో దోషములు లేకపోలేదు. కాయకు ఎఱుపు నిచ్చు పదార్థము తీక్ష్ణమైన ఎండకు వెలిసిపోయి, తెల్లమచ్చల తాలుకాయ ఏర్పడును. అకాల వర్షము పడిన రాత్రి కళ్ళము కాచినవారికే ఆ బాధ తెలియును: పట్టాలు తెచ్చి కప్పుటలో ఇంటిల్లిపాదియు తడిసి ముద్ద యగుదురు, కప్పిన పట్టా క్రింద కాయ ఉక్కకు చెమ్మగిల్లును. ఆ చెమ్మలో బూజు పట్టి అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. విదేశముల రేవులలో సరకు తిరస్కరింపబడుటకు అది యొక కారణము. పారదర్శకమైన పట్టాతో సొరంగమువలె కట్టి, చిన్న సౌరఫలకముతో తిరుగు పంకాను ఒక కొసన పెట్టిన ఆరబెట్టు గదిలో, ఎండ వేడి లోపలి గాలికి అందును, ఆ గాలి కాయల మీదుగా పోవును; బయటి దినముల లెక్కలో సగమునకే కాయ ఆఱును, రంగు నిలుచును, వాన భయముండదు. పది మంది రైతులకు ఇట్టి గది యొకటి కట్టి ఇచ్చుటకు కావలసినది గిగావాట్లు గాదు, కొన్ని బారల పట్టాయు కొన్ని ఇనుప చువ్వలును.

ఆఱిన కాయ శీతల గిడ్డంగికి పోవును. గుంటూరు చుట్టుప్రక్కల నున్న ఈ గిడ్డంగులలో లక్షల టిక్కీలు చీకటిలో, చలిలో మంచి ధరకై ఎదురుచూచుచుండును. అమ్మోనియా యంత్రములు రేయింబవళ్ళు తిరుగును. గిడ్డంగి యజమానికి కరెంటు బిల్లే పెద్ద ఖర్చు. ఇక్కడ ప్రకృతి మనకు అనుకూలముగా ఒక పొత్తు కుదిర్చినది. గిడ్డంగికి చలి యెక్కువగా కావలసినది ఏప్రిల్, మే నెలల మిట్టమధ్యాహ్నము; ఫలకము కరెంటు పుష్కలముగా ఇచ్చునదియు అప్పుడే. పైగా వేల టిక్కీల కాయ ఒకమాఱు చల్లబడినచో, గోడలు మందముగా నున్నంతవఱకు, ఆ చలిని గంటల తరబడి తనలో నిలుపుకొనును; పగలు అధికముగా చల్లబఱచి సందెవేళ యంత్రమును ఆపియుంచినను కాయకు చేటు లేదు. ఖరీదైన బ్యాటరీ చేయు పనిని అక్కడ మిరపకాయయే చేయును. ఆ గిడ్డంగుల రేకు కప్పులు ఎకరములకు ఎకరములు ఖాళీగా ఎండకు మాడుచున్నవి. కరేడు తోటలను అడుగుటకు ముందు, ఈ కప్పులను, నూలుమిల్లుల కప్పులను, జిన్నింగు మిల్లుల కప్పులను లెక్కించుట ధర్మము. కొండపి, టంగుటూరు వైపు పొగాకు బ్యారన్లలో కిలో ఆకు కాల్చుటకు కొన్ని కిలోల కట్టె నేటికిని మండుచున్నది. సరుగుడు, జామాయిలు నఱికి తెచ్చు ఆ పొయ్యిలకు పత్తికట్టె ఇటుకలు చేర్చినచో, కట్టెకు కొనువాడు ఇబ్రహీంపట్నము దాక కూడ పోనక్కఱలేకుండ ఇంటి ముంగిటనే దొరకును.

ఆ రైతుతో ఈ విషయములన్నియు చెప్పితిని. ఆయన శ్రద్ధగా విని, తల పంకించి, చివరకొక మాట అడిగెను: "అంతా బాగానే ఉందండీ, మిషను ఎప్పుడొస్తది? పదో తారీకు లోపల వస్తే కట్టె ఉంచుతా. దాటితే దుక్కి ఆగదు."

కట్టె పీకుటకును, దుక్కి పడుటకును నడుమ గల వ్యవధి మూడు వారములు. ట్రాక్టరు వెనుక తగిలించి కట్టెను ముక్కలు చేయు యంత్రములు దేశములో తయారగుచున్నవి; సేద్యపు పనిముట్లను అద్దెకిచ్చు కేంద్రములు మండలములలో ఏర్పడియేయున్నవి. ఫిబ్రవరి మొదటి వారమున ఆ కేంద్రములో యంత్రము ఉండవలయును, ఊరి చివర కాటా ఉండవలయును, తూకపు చీటీ వ్రాయువాడు ఉండవలయును. నేను చూచిన చేనిలో ఆ యేడు మూడును లేవు. చీకటి పడు వేళకు ఇల్లాలు ఆఱు మోపుల బండిని ఊరివైపు తోలించుకొని పోయినది. ఆయన గట్టు దిగి, గాలి ఎటు వీచుచున్నదో చూచుకొని, పొరుగువాని వామికి దూరముగా నున్న గుట్ట నుండి మొదలుపెట్టెను.